మన సందులకు సరిపోయే కారు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పండుగనాడు పద్యమో పాటో వినిపించక కారును గురించి మాట్లాడటమేమిటని మన కార్యదర్శిగారు నవ్వినారు. కాని బిడ్డ పెండ్లి తరువాత మన యిండ్లలో ఎక్కువ డబ్బు పోసి తెచ్చేది కారే గదా. తన వీధిని చూచి కొనేవారికంటె పక్కింటివారిని చూచి కొనేవారే ఎక్కువ. నేను అట్లా కొని చెడినవాణ్ణి గనుక నాలుగు మాటలు చెప్పవచ్చుననుకొన్నాను.

నా వుద్యోగం ఈ కోయంబత్తూరులోనైనా మా యిల్లు మదురైలో, మాసి వీధి వెనుక సందులో. విశ్వనాథ నాయకుని కాలంలో, అనగా 16వ శతాబ్దంలో, మీనాక్షమ్మ గుడి చుట్టూ చతురంగా వీధులు తీర్చినారని మనకందరికీ గొప్ప. గుడికి దగ్గరగా ఆడి వీధులు, తరువాత చిత్తిర, ఆవణిమూల, మాసి, వెలి వీధులు. చిత్తిర ఉత్సవంలో తేరు తిరిగేది మాసి వీధులలోనే. ఇంగ్లీషువాడు తేరును కూడ కారనే అన్నాడు. తేరు పట్టే వీధిలో ఏ కారైనా పడుతుంది. కాని మన కాపురం తేరు వీధిలో కాదు, దాని వెనుక సందులో.

నాలుగేండ్ల క్రిందట మా బావమరిది పెద్ద కారు కొన్నాడు. మా యింట్లో మాటలు పుట్టినవి. నేనూ అప్పు చేసి, నాలుగు మీటర్లు దాటిన కారొకటి తెచ్చినాను. అమ్మేవారు బైపాసు రోడ్డు మీద నడిపి చూపించినారు, హాయిగా వున్నది. ఇంటికి తెచ్చిన సాయంత్రం సందు మలుపు తిరగలేదు. అద్దాలు మడిచినాము, వెనక్కు ముందుకు ఆరుసార్లు ఆడించినాము, ఒకరి అరుగు చెక్కు లేచింది. ఆనాటి నుంచి అది రెండు వందల గజాల దూరంలో, తెలిసినవారి అంగడి ముందర నిలిచింది.

ఒక రాత్రి రెండు గంటలకు నాయనకు గుండెలో నొప్పి వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకొని పోయినాము. అంగడి ముందర సరుకు దించే లారీ అడ్డం, కారు కదలలేదు. కుర్చీలో నాయన, చేతిలో తాళంచెవి పట్టుకొని నేను. చివరకు మా సందులోనే వుండే ఆటో అన్న లేచి వచ్చి నిమిషంలో ఆసుపత్రికి దారి పట్టించినాడు. నాయన బ్రతికినాడు. పది దినాల తరువాత ఇంటికి వచ్చి, "ఆ బండి ఎవరి కోసం కొన్నావురా?" అని మాత్రం అడిగినాడు. దానిని నష్టానికి అమ్మివేసినాను.

తరువాత చేసిన మొదటి పని టేపు కొనడం. మా సందులో కరెంటు స్తంభానికీ ఎదుటి అరుగుకూ మధ్య ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. ఇక కాగితాల మీద చూడవలసిన అంకె టర్నింగ్ రేడియస్, అంటే కారు ఎంత చిన్న వలయంలో తిరుగుతుందనే కొలత. వ్యాగన్ ఆర్ కారుకు అది 4.7 మీటర్లు, వెడల్పు 1,620 మిల్లీమీటర్లు, అనగా ఐదడుగుల నాలుగంగుళాలు. అద్దాలు మడిస్తే మా స్తంభం దాటుతుంది. పైగా అది ఎత్తైన కారు. మోకాళ్ళ నొప్పులవారు గుంజీ తీసినట్లు వంగనక్కరలేదు, ఎగబ్రాకనక్కరలేదు, కుర్చీలో కూర్చున్నట్లే. అందుచేత నేను అదే, వాడినది, కొన్నాను. మీరు కొనేటప్పుడు అమ్మానాయనలను వెంట తీసుకొనిపోయి ఎక్కించి దించి చూడండి.

డీజిలు అందరికీ పనికిరాదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే డీజిలు కార్లలో మసి పట్టే జల్లెడ వున్నది. అది శుభ్రపడాలంటే బండి కొంతదూరం ఆగకుండా వేగంగా పోవలె. రోజూ బడికి, బజారుకు పోయే బండికి అది చిక్కే. గ్యాసు ఖర్చు తక్కువ గాని వెనుక సామాను చోటు సిలిండరే తింటుంది. చక్రాల కుర్చీ పెట్టవలసిన యింటివారు ఆలోచించుకోవలె. కరెంటు కారు మంచిదే, సొంత షెడ్డు వున్నవారికి. సందులో అడ్డంగా తీగ లాగితే పొరుగువారితో తగవు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు, 1,200 సి.సి. మించని పెట్రోలు కార్లకు జి.యస్.టి. 18 శాతమైనది గనుక చిన్నదానికి ధరలోనూ లాభమే.

కోయంబత్తూరువారికి ఈ బాధ లేదనుకోవద్దు. అవినాశి రోడ్డు మీద 10.1 కిలోమీటర్ల వంతెన 2025 అక్టోబరులో తెరచి మన జి.డి. నాయుడుగారి పేరు పెట్టినారు, సంతోషం. దాని మీద ఏనుగైనా పోతుంది. దిగి ఒప్పణకార వీధికి రండి, తెలుస్తుంది. వానకాలంలో లంకా కార్నర్ రైలు వంతెన క్రింద నీళ్ళలో ఇంజను ఆగితే మళ్ళీ స్టార్టు చేయకండి. లోపలికి నీరు పోయి వుంటే రాడ్డు వంగి ఇంజనే పోతుంది. దిగి తోయించండి.

1920లో పొల్లాచ్చి–పళని మధ్య బస్సు నడిపి మొదలుపెట్టిన ఆ నాయుడుగారే 1952లో రెండు సీట్ల చిన్న కారు చేసినారు, ధర రెండు వేల రూపాయలు. ప్రభుత్వపు లైసెన్సు రాక ఆగిపోయింది. అది మా సందులో పడి వుండేదేమో!

మదురైకి మాత్రం నేను రైలులోనే పోతాను. రైల్వేవాడు గనుక అంటున్నాడనుకోకండి. కారు నాయన దగ్గరే, వాకిట్లో వున్నది. టేపు ఇక్కడికి తెచ్చినాను, కావలసినవారు సభ అయిన తరువాత అడగండి. సెలవు.