స్టార్టరు మోటారు వెనుక బోల్టు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ డిసెంబరు 17వ తేదీ ప్రాముఖ్యం మీకెవ్వరికీ నేను చెప్పనక్కరలేదు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదికపై ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను "ఏదైనా అనుభవం చెప్పండి" అన్నారు. అందుచేత నేను ఒక బోల్టు గురించి చెబుతాను. నవ్వకండి. చివరకు అది కూడా ఈ తీర్పు దగ్గరికే వస్తుంది.

భవానీపురంలో మా ఇంటిముందు ఒక అంబాసిడర్ కారు ఉంటుందని మీలో చాలామందికి తెలుసు. 1989 మోడలు, పెట్రోలు బండి. రిటైరైన కొత్తలో సెకండ్‌హ్యాండుగా కొన్నాను. ఐదేళ్ళకోసారి ఎఫ్.సి. చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ వస్తున్నాను. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది గదా, ఇంకా ఎందుకండీ అంటారు. మా ఆవిడకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆటో ఎక్కలేదు, ఇప్పటి చిన్న కార్లలో కూర్చుంటే లేవలేదు. అంబాసిడర్ సీటు ఎత్తుగా కుర్చీలాగా ఉంటుంది. నెలకు రెండుసార్లు ఆస్పత్రికి ఆ బండిలోనే తీసుకువెళతాను. అదీ సంగతి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు మా వీధిలో కూడా నడుములోతు నిలిచాయి. ఒకపక్క బుడమేరు, మరొకపక్క ప్రకాశం బ్యారేజి నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా కృష్ణ. ఆ నాలుగు రోజులూ మేము మేడమీద, కారు నీళ్ళలో. తరువాత బండిని ఆరబెట్టి, ఆయిళ్ళన్నీ మార్పించి నడిపాను. కాని నీళ్ళు ఎక్కడ చేరాలో అక్కడ చేరాయి. 2025 జూన్‌లో ఒక ఉదయం తాళం తిప్పితే టక్కుమని చప్పుడు తప్ప మరేమీ లేదు. మరునాడే ఆస్పత్రి తేదీ.

బ్యాటరీ బాగానే ఉంది. ఈ పాత స్టార్టర్లలో ఒక్కొక్కసారి పళ్ళచక్రం ఫ్లైవీలుకు పట్టుకుపోతుంది. తాళం ఆపి, టాప్ గేరులో వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే విడిపోతుంది. అదీ చేశాం. మోటారు మీద మెల్లగా సుత్తితో తట్టి చూశాం. లాభం లేదు. మోటారు విప్పవలసిందే.

స్టార్టరు మోటారు ఇంజను వెనుకభాగాన ఉండే ఫ్లైవీలును తిప్పాలి. కాబట్టి అది ఎక్కడో లోపల, ఇంజనుకూ రేకుగోడకూ దగ్గరగా ఉండక తప్పదు. దాన్ని పట్టి ఉంచేవి రెండే బోల్టులు. కింది బోల్టు కంటికి కనిపిస్తుంది. పై బోల్టు కనిపించదు. చెయ్యి పెడితే వేళ్ళకు తగులుతుంది గాని పానా తిరగడానికి జాగా లేదు. అదీగాక తొమ్మిది నెలల తుప్పు.

ఇంజనీరింగు చదివే మా మనవడు "తాతయ్యా, నేను తీస్తాను" అని ముందుకొచ్చాడు. ఇంట్లో ఉన్నవి మిల్లీమీటరు పానాలు. అంబాసిడర్ బోల్టులు అంగుళాల కొలతవి. 9/16 అంగుళం అంటే 14.29 మిల్లీమీటర్లు. 14 పానా ఎక్కలేదు, 15 ఎక్కింది. ఎక్కింది గదా అని బలం కొద్దీ లాగాడు. పానా జారి వాడి వేలు చెక్కుకుపోయింది, బోల్టు తల అంచులు అరిగి గుండ్రమయ్యాయి. పైగా మేమిద్దరం బ్యాటరీ తీగ తీయలేదు. స్టార్టరుకు పోయే లావు తీగకు మధ్యలో ఫ్యూజు ఉండదు. పానా రెంటికీ తగిలి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

మరునాడు మా ఆవిడ ఆస్పత్రికి వెళ్ళలేకపోయింది. నన్నేమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టమనిపించింది.

ఆ సాయంత్రం ఆటోనగర్ నుంచి ఒక పాత మేస్త్రీని పిలిపించాను. ఆయనకూ నా వయసుకు దగ్గరే ఉంటుంది. వచ్చీరాగానే బోల్టు ముట్టుకోలేదు. ముందు బ్యాటరీ ఎర్తు తీగ విప్పాడు. చక్రాలకు రాళ్ళు పెట్టించి, జాకీతో ఎత్తి, కింద ఇనుప స్టాండ్లు వేశాడు. "జాకీని నమ్మి బండి కింద దూరకూడదండీ" అన్నాడు. టార్చి వేసి చాలాసేపు చూశాడు. తుప్పు వదిలించే ఆయిలు బోల్టు మొదట్లో పట్టించి, రాడ్డు ఆనించి తల మీద నాలుగు చిన్న దెబ్బలు వేసి, "రేపు పొద్దున వస్తాను" అని వెళ్ళిపోయాడు.

పొద్దున మళ్ళీ ఆయిలు పట్టించాడు. 14 మిల్లీమీటర్ల ఆరుపలకల సాకెట్టు తీసుకున్నాడు. నిన్న ఎక్కని 14, అంచులు అరిగిన తల మీద దెబ్బ వేస్తే బిగుతుగా కూర్చుంది. పొడవాటి రాడ్డు ఏ సందులోంచి తిన్నగా వస్తుందో చూసుకుని తగిలించాడు. విప్పేముందు వెంట్రుకవాసి బిగించాడు. "తుప్పు ముందు విరగాలి, బోల్టు కాదు" అన్నాడు. తరువాత కొంచెం విప్పడం, కొంచెం బిగించడం, మళ్ళీ ఆయిలు. కింది బోల్టు చివరిదాకా ముట్టుకోలేదు. తేలికైనదని దాన్ని ముందు తీస్తే మోటారు బరువంతా పైదాని మీద పడి ఇంకా బిగుసుకుంటుందట. రెండున్నర గంటలకు పై బోల్టు చేతికి వచ్చింది. ఆయన చొక్కా పిండితే చెమట కారేలా ఉంది.

మోటారు బాగుచేయించి, కొత్త బోల్టులు గ్రీజు రాసి బిగించాడు. మోటారు ఖర్చు వేరుగా చెప్పి, విప్పినందుకు కూలీ ఎనిమిది వందలు అన్నాడు. నా నోటి చివరిదాకా వచ్చింది, "ఒక్క బోల్టుకు ఎనిమిది వందలా?" అని.

ఆ మాట నేను అంతకుముందు ఒకసారి అని ఉన్నాను. అందుకే ఆగిపోయాను.

1986లో మా ఆఫీసులో కంటింజెంటు బిల్లులు, వాహనాల లాగ్ బుక్కులు నా సీటులో ఉండేవి. మా డ్రైవరుగారు క్యాంపులో ఉండగా ఆఫీసు అంబాసిడర్ ఇలాగే ఆగిపోతే, చేతి డబ్బు పెట్టి బాగుచేయించుకొచ్చి బిల్లు పెట్టారు. అందులో "బోల్టు విప్పిన కూలీ రూ. 40" అని ఒక పద్దు. నేను ఎర్రసిరాతో "ఒక్క బోల్టుకు ఇంత కూలీ సమర్థనీయం కాదు" అని రాసి ఆ పద్దు కొట్టివేశాను. ఆఫీసరుగారు నా నోటు మీద సంతకం పెట్టారు. డ్రైవరుగారు నా దగ్గరకొచ్చి, "సార్, మీరొక్కసారి బండి కిందికొచ్చి చూడండి" అన్నారు. "నాకు కాగితం మీద ఉన్నదే కనిపిస్తుందయ్యా" అన్నాను. ప్రభుత్వ సొమ్ము కాపాడానని ఆ రోజు చాలా తృప్తిపడ్డాను.

మేస్త్రీకి ఎనిమిది వందలూ ఇచ్చి పంపాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. డ్రైవరుగారు కాలం చేసి పన్నెండేళ్ళయింది. వారి భార్య కుటుంబ పెన్షను తీసుకుంటూ కొడుకు దగ్గర ఉంటున్నారు. చిరునామా కనుక్కుని వెళ్ళాను. సంగతంతా చెప్పి, తప్పు నాదేనమ్మా అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ నలభై సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసండీ. ఆ నెల పిల్లలకు పాలు మాన్పించాం. డబ్బు పోయినందుకు కాదు, ఆయన అబద్ధం రాశారన్నట్టు అయిందని బాధపడ్డారు" అన్నారు. కవరులో పెట్టి తీసుకెళ్ళిన డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. కాఫీ ఇచ్చారు. తాగి వచ్చాను.

మిత్రులారా! మనం చేసిన పనికి విలువ ఉంది, అది భిక్ష కాదు అని కోర్టుకెక్కి గెలిచినవాళ్ళం మనం. డి.ఏ. బకాయి ఒక్క నెల ఆలస్యమైతే బాధపడతాం, పడాలి కూడా. అయితే మనం కుర్చీలో ఉన్నప్పుడు ఎదుటివాడి కష్టాన్ని ఎన్ని ఎర్రగీతలతో కొట్టివేశామో ఎవరికి వారే ఆలోచించుకోవాలి. నా లెక్కలో ఒకటి మాత్రం నాకు తెలిసింది. తెలియనివి ఎన్నో.

పాతబండి ఉన్నవారికి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. బ్యాటరీ తీగ విప్పకుండా స్టార్టరు మీద చెయ్యి వేయకండి. కొలత సరిపోని పానా వాడకండి. మన వయసులో బండి కింద దూరకండి, తెలిసినవాణ్ణి పిలవండి. పని అయ్యాక, అతను అడిగిన కూలీ ఎక్కువనిపిస్తే, ఒక్కసారి వంగి ఆ బోల్టు ఎక్కడుందో చూడండి. ఆ తరువాత బేరమాడండి.