మూత్రపిండాల రక్షణ – మన కోర్కెల పత్రంలో చేరవలసిన అంశం



వేతనాలు, డి.ఎ. బకాయిలు, పింఛను గురించి మనం ప్రతి సమావేశంలోనూ చర్చించుచున్నాము. నేడు ఒక ఆరోగ్య విషయాన్ని మీ ముందుంచుచున్నాము. ఇదియు కార్మిక సమస్యయే.

మూత్రపిండాలు తరచు నొప్పి లేకుండానే దెబ్బతినును. వాటి శక్తి సగం వరకు క్షీణించినను రక్తంలో క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చును. పాదాల వాపు, ముఖం ఉబ్బుట, ఆకలి మందగించుట, నిస్సత్తువ బయటపడునప్పటికి చాలామందిలో వ్యాధి ముదిరి ఉండును. మూత్రంలో నురుగు, రాత్రివేళ పదే పదే మూత్రానికి లేచుట కనిపించినచో ఉపేక్షింపరాదు.

కనుక లక్షణాల కొరకు వేచి ఉండక, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షింపించుకొనవలెను. క్రియాటినిన్‌ను బట్టి వైద్యులు వడపోత శక్తిని లెక్కగట్టుదురు. అది 3 నెలలకు పైగా 60 కంటె తక్కువగా ఉన్నను, ఆల్బుమిన్ పోవుచునే ఉన్నను దీర్ఘకాలిక వ్యాధియే. ఒక్క పరీక్షతో భయపడవద్దు, మరల చేయింపక విడువవద్దు.

మధుమేహం, రక్తపోటు ప్రధాన కారణాలు. కాని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆ రెండూ లేని రైతులు, కూలీలు సైతం ఈ వ్యాధికి గురైనారు. కారణం ఇదియేనని నేటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమైనవి.

మన పనినీ గమనింపుడు. మండుటెండలో పట్టాలపై పనిచేయు ట్రాక్ మెయింటెయినర్‌కు చాలినంత నీరందదు. మరుగుదొడ్డి లేని ఇంజన్‌లో లోకో పైలట్ నీరు త్రాగుటకే జంకును. పోస్ట్‌మాన్ మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ కొని మ్రింగును. ఇవన్నియు మూత్రపిండాలపై భారమే.

ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు. రక్తపోటు, చక్కెర అదుపులో ఉండవలెను. వైద్యుడు చెప్పనిదే నొప్పి మాత్రలు వాడరాదు. వ్యాధి నిర్ధారణ అయినవారు నీరు, ఆహారం సైతం వైద్యుని సలహా మేరకే తీసుకొనవలెను.

అయితే జాగ్రత్త భారమంతయు కార్మికునిపైనే వేయుట న్యాయం కాదు. ఏటా ఈ రెండు పరీక్షలు ఉచితంగా జరుపవలెను. రెగ్యులర్ ఉద్యోగికున్న వైద్య సదుపాయం లేని గ్రామీణ డాక్ సేవకులకు, కాంట్రాక్టు కార్మికులకు కూడా అవి అందవలెను. పనిస్థలంలో త్రాగునీరు, మరుగుదొడ్డి ఉండవలెను. డయాలిసిస్‌పై ఉన్నవారికి వేతనం తగ్గకుండ తేలికపాటి విధులివ్వవలెను.

ప్రతి శాఖయు ఈ కోర్కెలపై తీర్మానం చేసి పంపవలెనని కోరుచున్నాము. వ్యాధి మౌనంగా వచ్చును. మనం మౌనంగా ఉండరాదు.