స్కానింగ్‌కూ ఛందస్సుకూ చుట్టరికం

ఈసారి ఒకే మాట తీసుకుందాం: స్కానింగ్. అనంతపురంలో ఆస్పత్రులుండే వీధికి పోతే బోర్డుల నిండా ఇదే. శనక్కాయ పంట పోయిన ఏడు ఈ మాట వింటే ముందు డబ్బు గుర్తొస్తుంది, తర్వాత భయం.

లాటిన్‌లో 'స్కాండెరే' అంటే ఎక్కడం. పద్యం చదువుతూ కాలెత్తి దించి లయ చూసేవాళ్లు. అట్లా ఆ మాటకు పద్యాన్ని గణాలుగా విడదీయడం అనే అర్థం వచ్చింది. ఇంగ్లీషులోకి మొదట వచ్చింది ఈ అర్థంతోనే. బళ్లో మనం గురువు, లఘువు గుర్తులు పెట్టి గణవిభజన చేసినామే, అదే స్కానింగ్!

కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న మన వేమన్న ఆటవెలదినే చూడండి. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. పక్కనే కడపలో పనిచేసిన బ్రౌన్ దొర 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సుల మీద ఇంగ్లీషులో పుస్తకమే వేసినాడు. ఆయన స్కానింగ్‌కు కరెంటు అక్కర్లేదు.

తర్వాత దేన్నయినా నిశితంగా పరీక్షించడానికి ఆ మాట వాడినారు. టెలివిజన్ వచ్చినాక బొమ్మను గీత వెంట గీతగా చదవడానికీ అదే. అట్లా ఆస్పత్రి దాకా వచ్చింది.

సి.టి.లో 'టి' అంటే టోమోగ్రఫీ. గ్రీకులో 'టోమోస్' కోసిన ముక్క, 'గ్రాఫైన్' రాయడం. కత్తి పెట్టకుండా లోపలిది ముక్క ముక్కగా గీసి చూపిస్తుందన్నమాట. 'అటామ్'లో ఉన్నదీ ఆ వేరే, కోయడానికి వీల్లేనిదని. రోగి తలకు మొదటి సి.టి. 1971 అక్టోబరు 1న లండన్‌లో తీసినారు. దాని వెనకున్న హౌన్స్‌ఫీల్డ్‌కు, కార్మాక్‌కు 1979లో నోబెల్ వచ్చింది.

చిక్కెక్కడంటే, మన ఊర్లల్లో అన్నిటికీ ఒకటే పేరు. కడుపుతో ఉన్న పిల్లకు డాక్టరమ్మ స్కానింగ్ రాస్తే, "వద్దు, కిరణాలు బిడ్డకు తగుల్తాయి" అని ఇంట్లో అవ్వ ఆపుతుంది. అవ్వ భయం ఉత్తది కాదు, సి.టి.లో ఎక్స్ కిరణాలుంటాయి. కానీ గర్భిణికి మామూలుగా చేసేది అల్ట్రాసౌండ్. అది చెవికందని శబ్దం, దాని ప్రతిధ్వని, కిరణాలు లేవు. ఎం.ఆర్.ఐ.లోనూ ఎక్స్ కిరణాలుండవు, అయస్కాంతం, రేడియో తరంగాలు.

కాబట్టి చీటీ చేతికి రాగానే "ఏ స్కానింగమ్మా?" అని అడగండి. సి.టి. అయితే కడుపుతో ఉన్న సంగతి ముందే చెప్పాల. ఎం.ఆర్.ఐ. అయితే ఒంట్లో పేస్‌మేకర్ గానీ, ఇనుప ముక్క గానీ ఉంటే లోపలికి పోకముందే చెప్పాల.