మా పొలమే ఎందుకు?

నేడు పట్టాలు అందుకుంటున్న న్యాయశాస్త్ర పట్టభద్రులారా!

మీలో కొందరు నల్లకోటు వేసుకుంటారు, కొందరు గ్రూప్-1 రాసి ఆర్డీఓ కుర్చీలో కూర్చుంటారు. ఎక్కడున్నా ప్రభుత్వానికి కావలసి వచ్చిన ఒకరి భూమి తాలూకు ఫైలు మీ ముందుకు వస్తుంది. దాని గురించే నాలుగు మాటలు.

హిమాచల్‌ప్రదేశ్‌లోని హమీర్‌పూర్ జిల్లాలో 1967-68లో ఒక రోడ్డు కోసం ఒక మహిళ పొలం తీసుకున్నారు. నోటీసు లేదు, విచారణ లేదు, పైసా పరిహారం లేదు. ఆమెకు చదువు రాదు. తనలాగే భూమి పోయినవాళ్లు కోర్టులో గెలిచారని తెలిశాక 2010లో హైకోర్టు మెట్లెక్కింది. అక్కడ ఓడిపోయింది. ఇన్నేళ్లుగా భూమి మా స్వాధీనంలోనే ఉంది కనుక అది మాదేనని ప్రభుత్వం వాదించింది. పక్కవాడి గట్టు జరిపినవాడు చేసే వాదన ఇది! 2020 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి పరిహారం ఇమ్మంది. అప్పటికి ఆమెకు సుమారు 80 ఏళ్లు.

ఆ పొలం పోయేనాటికి ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు. 44వ సవరణతో 1979 జూన్ 20 నుంచి ఆ హోదా పోయి, 300-ఏ అధికరణ కింద రాజ్యాంగ హక్కుగా మిగిలింది. పెద్ద హోదా ఉన్ననాడు పొలం నిలవలేదు, హోదా తగ్గాకే న్యాయం దక్కింది. నోటీసు ఇవ్వాల్సిన ఉద్యోగి ఇవ్వకపోతే ఎంత గొప్ప హక్కయినా పొలం దాకా రాదు.

అలాగని ప్రభుత్వం ఎవరి భూమీ ముట్టుకోకూడదని నేననను. 1948లో మద్రాసు రాష్ట్రం ఎస్టేట్ల రద్దు చట్టం చేయకపోతే, 1949లో హైదరాబాదులో జాగీర్లు రద్దు కాకపోతే, మన తాతల్లో ఎందరో దొరల ముందు చేతులు కట్టుకునే ఉండేవారు. నాగార్జునసాగర్ లేకపోతే ఎన్నో మెట్ట పొలాలు మాగాణి అయ్యేవి కావు. కానీ నీళ్లు పారిన పొలాలు ఒకరివి, మునిగిన పొలాలు మరొకరివి.

అందుకే 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా వేయమంది, నూరు శాతం సొలేషియం (ఊరట సొమ్ము) ఇమ్మంది, ఆ పొలం మీద బతికే కౌలుదార్లను, కూలీలను కూడా లెక్కలోకి తెచ్చింది. 2024లో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు 300-ఏలో ఏడు హక్కులున్నాయని తేల్చింది: నోటీసు, అభ్యంతరాలు వినడం, కారణాలు చెప్పి నిర్ణయించడం, ప్రజా ప్రయోజనం, న్యాయమైన పరిహారం, జాప్యం లేని ప్రక్రియ, దాని ముగింపు. డబ్బిస్తే చాలదా అనేవాళ్లు చూడండి, పరిహారం ఐదోది. ముందున్న నాలుగూ దాటేసి తీసుకుంటే, ఏ నేరమూ చేయనివాడి ఆస్తి జప్తు చేసినట్టే.

రేపు గ్రామసభలో ఒక రైతు లేచి, మా పొలమే ఎందుకు, పక్కనున్న బీడు పనికిరాదా అని అడుగుతాడు. అతనికి అభివృద్ధి నిరోధకుడని పేరు పెట్టకండి. అధికారిగా ఉంటే జవాబు రాసి ఇవ్వండి. వకీలుగా ఉంటే ఆ జవాబు రాబట్టండి. న్యాయమూర్తిగా ఉంటే అది ఫైలులో ఉందో లేదో చూశాకే తీర్పు రాయండి.