1896లో ఎవరు పరిగెత్తారు?

(కైకలూరులో మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల తరగతిలో ఆటల ఊసేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. హింస, ఆస్తి, కూలి రేట్లు... ఇన్ని ఉండగా ఆటలు తీరిక ఉన్నవాళ్ళ వ్యవహారమని నేనూ చాలాకాలం అనుకున్నాను. నిన్న సాయంత్రం కొల్లేటి లంక గ్రామాల నుంచి వచ్చిన కార్యకర్త ఒకామె ఒక మాట అంది. పిల్ల పెద్దమనిషి కాగానే ఇంట్లోవాళ్ళు ముందు మాన్పించేది ఆటనట, ఆ తర్వాతే చదువును. ఆ మాట పట్టుకునే మాట్లాడతాను. అయితే కాస్త దూరం నుంచి, 1896 నుంచి వస్తాను.

విక్టోరియా రాణి పాలన చివరి రోజులు. ఆ ఏప్రిల్‌లో ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరిగాయి. 14 దేశాల నుంచి దాదాపు 240 మంది పోటీపడ్డారు. అందులో ఒక్క స్త్రీ కూడా లేదు. ఏప్రిల్ 10న మారథాన్ నుంచి ఏథెన్స్ దాకా, సుమారు 40 కిలోమీటర్ల పరుగులో గెలిచింది స్పిరిడాన్ లూయిస్. ఆయన నీళ్ళు మోసి బతికే మనిషి. మగవాడు నీళ్ళు మోస్తే అది పరుగుకు సాధన అయింది. మన లంక ఊళ్ళల్లో బిందెలు మోసేదెవరో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ పరుగుకు స్టమాటా రెవిథీ అనే ఒకామె కూడా వచ్చింది. ముప్ఫై ఏళ్ళ పేదరాలు. పెద్ద బిడ్డ చనిపోయాడు, చిన్నవాడికి పదిహేడు నెలలు. పని వెతుక్కుంటూ ఏథెన్స్‌కు నడిచి వస్తూ ఈ పోటీ సంగతి విన్నది. నిర్వాహకులు చేర్చుకోలేదు. ఆమె వెనక్కి పోలేదు. మర్నాడు, ఏప్రిల్ 11న, అదే దారిలో ఒంటరిగా పరిగెత్తింది. అయిదున్నర గంటలు పట్టింది. దారిలో ఓడల్ని చూడటానికి కాసేపు ఆగిందట కూడా! ఆ మాట చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

అయితే నేను మిమ్మల్ని గమనించమనేది పరుగును కాదు, కాగితాన్ని. బయల్దేరే ముందు ఆమె ఆ ఊరి పంతులు చేత, మేయరు చేత, న్యాయాధికారి చేత తాను బయల్దేరిన వేళ రాయించి సంతకాలు తీసుకుంది. ఏథెన్స్ శివార్లకు చేరగానే అక్కడ కనిపించిన అధికారుల చేత చేరిన వేళ రాయించుకుంది. తన మాట ఎవరూ నమ్మరని ఆమెకు ముందే తెలుసు. ఆ తర్వాత ఆమె ఏమైందో చరిత్ర పట్టించుకోలేదు.

ఆడవాళ్ళు అప్పుడు అసలు ఆడనే లేదా అంటే, ఆడారు. అదే ఏప్రిల్ 4న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అమ్మాయిలు కళాశాలల మధ్య తొలి మహిళా బాస్కెట్‌బాల్ పోటీ ఆడారు. చూడటానికి మగవాళ్ళను రానివ్వలేదు. వింబుల్డన్‌లో షార్లెట్ కూపర్ పాదాల దాకా లంగా కట్టుకుని టెన్నిస్ గెలిచింది. అది దొరసానుల ఆట కాబట్టి చెల్లింది. రెవిథీకి ఆ వెసులుబాటు లేదు. స్త్రీ అయినందుకు ఒక మెట్టు, పేదరాలైనందుకు ఇంకొక మెట్టు.

మరి మన దగ్గర? 1891లో సమ్మతి వయసు చట్టం వచ్చింది. ఆడపిల్లతో సంసారానికి కనీస వయసును పదేళ్ళ నుంచి పన్నెండుకు పెంచితే, ధర్మం మంటగలిసిపోతోందని దేశమంతా గగ్గోలు పెట్టారు. గురజాడ ‘కన్యాశుల్కం’ అచ్చయింది 1897లో. ఒక్క ఏడాది తేడా. అక్కడ ఆడదాని శరీరం పరుగుకు పనికిరాదన్నారు. ఇక్కడ పన్నెండేళ్ళ శరీరం కాపురానికి పనికొస్తుందన్నారు. రెండుచోట్లా నిర్ణయించింది ఆ శరీరం గల మనిషి కాదు.

అప్పుడు ఉత్తరాంధ్రలో తాలింఖానాలుండేవి. వీరఘట్టంలో పుట్టి తర్వాత మల్లయోధుడిగా పేరు తెచ్చుకున్న కోడి రామమూర్తి 1896 నాటికి పిల్లవాడు. సాము అంతా మగపిల్లలది. ఆ సిక్కోలు నేల మీదే, ఊసవానిపేటలో, కరణం మల్లీశ్వరి పుట్టింది. మగవాళ్ళ బరువులెత్తే పోటీ 1896లోనే ఉంది. ఆడవాళ్ళకు ఒలింపిక్స్‌లో ఆ అవకాశం 2000లో సిడ్నీలో వచ్చింది. అంటే 104 ఏళ్ళు! మల్లీశ్వరి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమే. ఏథెన్స్‌లో రెండు చేతులతో ఎత్తిన అత్యధిక బరువు 111.5 కిలోలు. సిడ్నీలో మల్లీశ్వరి క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తింది. నియమాలు, పరికరాలు వేరనుకోండి. అయినా ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూశాను, ఊరికే.

ఇంతకీ స్త్రీలకు బలం లేదని ఎవరన్నారు? వరి ఊడ్పుల్లో నడుం వంచినప్పుడు ఎవరూ అనలేదు. రొయ్యల షెడ్డులో మంచు నీళ్ళలో చేతులు పెట్టి పొద్దంతా నిలబడినప్పుడు ఎవరూ అనలేదు. కూలికి సరిపోయే బలం, తన సంతోషానికి వాడుకుంటానంటేనే చాలకుండా పోతుంది. పితృస్వామ్యం ఎక్కడ దాక్కుందో వెతకాలంటే బడి గ్రౌండు మంచి చోటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. ఆట మానిన పిల్ల, బడి మానిన పిల్ల, పెళ్ళయిన పిల్ల చాలాసార్లు ఒకే పిల్ల.

అందుకే భోజనాల వేళకు ముందు ఒక పని చేద్దాం. బల్ల మీద తెల్లకాగితాలున్నాయి. మీ ఊళ్ళో ఏ పిల్ల ఏ తరగతిలో ఆట మానేసిందో, ఎవరు మాన్పించారో, బడిలో ఆడపిల్లలకు గ్రౌండు, మరుగుదొడ్డి, ఆటల టీచరు ఉన్నారో లేదో రాయండి. పిల్లల పేర్లు వద్దు, ఊరు చాలు. కింద మీ సంతకం, తేదీ పెట్టండి. మండల విద్యాధికారికి ఇచ్చే అర్జీకి వాటినే జత చేస్తాం. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయండి, పక్కన ఇద్దరు సాక్షులుంటే సరి.