ముల్లు పలికిన పాట – అంకెలు పలికిన పాట



ఉప్పలు, నాచారము ప్రాంతములందలి పాత యిండ్ల అటకలపై నేటికిని గ్రామఫోను రికార్డులు కొన్ని యుండును. నాచారమునకు పాట క్రొత్త గాదు. నందమూరి తారకరామారావుగారి రామకృష్ణా స్టూడియో యచ్చటనే వెలసినది. 1977 సంక్రాంతికి వెలువడిన 'దాన వీర శూర కర్ణ' వారి చిత్రమే. ఆ కాలమున రికార్డుగా నింటికి వచ్చిన పాట నేడు కంటికి గనుపింపని యంకెలుగా వచ్చుచున్నది. ఈ రెంటిలో నేది మేలు?

రికార్డు గాడి ధ్వనితరంగమునకు ప్రతిబింబము. గాడి వంకరలను బట్టి ముల్లు కదలును; ఆ కదలికయే పాటయగును. పూర్వపు లక్క రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరిగి, ప్రక్కకు మూడు నిమిషములు మాత్రమే పాడెడిది. 1948లో అమెరికాలో కొలంబియావారు వెలువరించిన వినైలు రికార్డు 33⅓ చుట్లతో ఇరువది నిమిషములకు పైగా పాడినది. కాని దానికి నొక లోపము గలదు. అంచున గాడి ముల్లు క్రింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు నడచును. నడిమికి చేరునప్పటికి 20 మాత్రమే. కావుననే కడపటి పాటలో సకార శకారములు చిట్లును. ఇక దుమ్ము సంగతి చెప్పనేల?

అంకెల విధానము వేఱు. ఉప్పలు త్రోవలో 1961లో నేర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మనకు తెలిసినదే. భూకంపమును పూర్వము కాగితముపై రేఖగా గ్రహించెడివారు. నేడు అంకెలుగా కొలుచుచున్నారు. పాటకును అంతియే. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు ధ్వనిని సెకనుకు 44,100 మార్లు, 16 బిట్టులతో కొలుచును. హై రిజల్యూషన్ ఫైలు 96,000 లేక 192,000 మార్లు, 24 బిట్టులతో కొలుచును. మానవుని చెవి సెకనుకు 20,000 కంపనములకు మించి వినలేదు. దానికి రెట్టింపు కొలతలున్న చాలును. కావున యథార్థత విషయమున అంకెలదే గెలుపు. హై రిజల్యూషన్ వలని అదనపు లాభము వినువారికంటె ముద్రించువారికే యెక్కువ.

అట్లయిన రికార్డు మధురమని పలువు రేల యందురు? ఇంట పరీక్షించి చూడుడు. ఘంటసాలగారి భగవద్గీత రికార్డును, అంకెల ప్రతిని తెండు. రెండింటి బిగ్గరతనము సమానము చేయుడు. ఏలయన కొంచెము బిగ్గరగా నున్నదే మేలుగా దోచును. ఏది మ్రోగుచున్నదో చెప్పక మఱియొకరు పదిమార్లు మార్చి వినిపింపవలెను. గాడి చిటపట వినబడినచో గుర్తింపవచ్చును. కాని గుర్తించుట వేఱు, మేలనుట వేఱు. మఱియు నది టేపుపై ముద్రితమైన గానము. టేపునందు లేనిదానిని 192,000 కొలతలును సృష్టింపజాలవు.

కాని శ్రోతలారా, ఈ వాదముకంటె ముఖ్యమైనది మఱియొకటి గలదు. ఏ యంకెలలోనికిని ఎక్కని నాటక పద్యములు, హరికథలు పాత రికార్డులలో నున్నవి. ఇల్లు మారునపుడు అవి పాతసామానుల బండి కెక్కుచున్నవి. పోయిన కంఠము మరల రాదు. కావున వానిని తుడిచి, తగిన ముల్లుతో నొక్కమారు పలికించి, 24 బిట్టుల ఫైలుగా నెక్కించి, రెండు చోట్ల దాచుడు. లక్క రికార్డు గాడి వెడల్పు. దానికి వినైలు ముల్లు పనికిరాదు. ప్రతి పలుకుటయు గాడిని కొంత యఱుగదీయును; అంకె అఱుగదు.

రికార్డు అంకెకు శత్రువు గాదు. ఒకటి తాతగారి కంఠము. రెండవది దానిని మనుమలకు చేర్చు చేయి.