పిల్లచేపను పట్టొద్దు

అమ్మలారా, అక్కలారా!

చేపల బుట్ట అంగడికి మోసేది మీరే. అందుకే ఈ మాట మీతో చెబుతున్నాను.

వానాకాలంలో చెరువులో బొచ్చె, రవ్వ పిల్లలను వదులుతారు. చిన్న కన్ను వల వేస్తే 100 గ్రాముల పిల్లలు కూడా పడతాయి. 10 కలిస్తే 1 కిలో. వేసవి దాకా ఆగితే? మేత బాగున్న చెరువులో బొచ్చె ఒక్కటే కిలో దాకా తూగుతుంది. కొన్ని చచ్చిపోతాయి, నిజమే. 6 మిగిలినా 6 కిలోలు! పలక మీద లెక్క వేసి చూడండి.

1897 నాటి చేపల చట్టం ఉంది. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడం నేరం. వల కన్ను ఎంత ఉండాలో కూడా ప్రభుత్వం నియమం పెట్టవచ్చు. కాని గట్టు మీద రోజూ పోలీసు ఉండడు గదా! మీరుంటారు. ఇంట్లో పైసల కరువు నాకు తెలియంది కాదు. అయినా పిల్లచేప తూకానికి వస్తే "మేం ఎత్తం" అనండి. ఎంత చేప పట్టాలో, ఏ వల వాడాలో సంఘం మీటింగులో రాయించండి. కింద మీ సంతకం పెట్టండి.